ఏజెంటు మన బంధువే అయినప్పుడు కేసు పెట్టాలా, ఊరుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. టెక్కలి వైపు పల్లె మీది. డిప్లొమా చదివిన మీ తమ్ముణ్ణి పక్క ఊరి ఏజెంటు నిరుడు కంబోడియా పంపాడు. కంప్యూటర్ మీద డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి లక్షన్నర తీసుకున్నాడు. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుని, గేటు దాటనివ్వని భవనంలో పెట్టి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి డబ్బు కాజేసే పని చేయించారు. మీరు మళ్లీ అప్పు చేసి 'కంపెనీ జరిమానా' పంపాక వదిలారు. ఆ ఏజెంటు మీ అమ్మగారి తరఫు బంధువు. ఇప్పటికీ కుర్రాళ్లను పంపుతూనే ఉన్నాడు. ఇంట్లో అందరూ ఊరుకోమంటున్నారు. నోరు విప్పితే మేము ఏం పోగొట్టుకుంటాం అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. ఫిర్యాదు చేయండి, కానీ మీ తమ్ముడు ఒక్కడి సంతకంతో చేయకండి. పోగొట్టుకునేది ఉంటుంది. ఏమీ కాదులే అని ధైర్యం చెప్పేవాళ్లను పక్కన పెట్టండి, రేపు వాయిదాకు మీతో బస్సెక్కేది వాళ్లు కాదు. అయితే మీరు భయపడుతున్నది ఒకటి, నిజంగా జరిగేది ఇంకొకటి. ఆ తేడా తెలిస్తే నష్టాన్ని సగానికి సగం తగ్గించుకోవచ్చు.

నేను శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో క్రిమినల్ కేసులు చేసే వకీలుని. వలస ఏజెంట్ల కేసుల్లో ఎక్కువగా బాధితుల పక్షాన నిలబడ్డాను. కొన్నిసార్లు ఏజెంట్ల తరఫున కూడా వాదించాను, అందుకే అవతలి ఇంట్లో ఏ ఆలోచన నడుస్తుందో కొంత తెలుసు.

ముందు ఒక సంగతి. మీ ఉత్తరం నిండా 'మోసం' అనే మాటే ఉంది. వీసా డబ్బు తిని ఎగ్గొట్టినవాడు మోసగాడు. మీ తమ్ముడికి జరిగింది దానికంటే చాలా పెద్దది. ఇలాంటి కేంద్రాల్లో మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది నిర్బంధంలో ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియాకు మనుషులను చేరవేసిన స్థానిక ఏజెంట్లను అరెస్టు చేశాక ఈ సంగతి మన వైపు అందరి నోళ్లలోనూ పడింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి వందల మంది భారతీయులను వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. మీ అమ్మగారి బంధువు ఈ మొత్తం వ్యవహారంలో చివరి కొస. అతనికి తలకింత అని కమీషన్ ముడుతుంది. పైనున్నవాడి పేరు అతనికి కూడా తెలియకపోవచ్చు. కానీ చట్టం దృష్టిలో కొస కూడా ముఠాయే.

ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణా గురించి చెబుతుంది. మోసపు మాటలతో మనిషిని తీసుకెళ్లి బానిసలాంటి స్థితిలో పెడితే ఏడు నుంచి పదేళ్లు. ఒకరి కంటే ఎక్కువ మందిని పంపితే పదేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా. బాధితుడు ఇష్టపడి వెళ్లాడా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదని ఆ సెక్షనే చెబుతుంది. 'వాడే కదా బతిమాలి వెళ్లాడు' అని మీ మేనమామలు అంటున్నారని రాశారు. ఆ వాదన రచ్చబండ మీద నిలుస్తుందేమో గానీ కోర్టులో నిలవదు. వ్యవస్థీకృత నేరానికి 111వ సెక్షన్ వేరే ఉంది, కానీ అందులో ఒక మెలిక ఉంది. గత పదేళ్లలో ఒకటి కంటే ఎక్కువ చార్జిషీట్లు ఉంటేనే ఆ సెక్షన్ అడిగే 'కొనసాగుతున్న' నేరం నిర్వచనానికి సరిపోతుంది. అంటే మొదటి ఒకటి రెండు కుటుంబాలు మాట్లాడకపోతే ఆ సెక్షన్ ఎప్పటికీ పుస్తకంలోనే ఉంటుంది.

ఇక నష్టం సంగతి.

మీరు దాడి గురించి భయపడుతున్నారు. ఉండదని హామీ ఇవ్వలేను, దాని గురించి కింద రాస్తాను. కానీ మా దగ్గరికి వచ్చిన కుటుంబాలను ఎక్కువగా విరిచింది దెబ్బ కాదు, రాజీ. ఫిర్యాదు అందిన రోజు సాయంత్రానికే మీ ఇంటికి వచ్చేది రౌడీలు కాదు, మీరు కాళ్లకు దండం పెట్టే పెద్దవాళ్లు. వరస కలిపి, కాఫీ తాగి, 'ఆడపిల్ల పెళ్లి ఉంది వాళ్లింట్లో, నీ చేత్తో ఆపుతావా అమ్మా' అంటారు. లక్షన్నరలో యాభై వేలు ఇప్పిస్తామంటారు. ఒప్పుకోకపోతే శుభకార్యాలకు పిలుపులు ఆగుతాయి. మీ అమ్మగారికి పుట్టిల్లు దూరమవుతుంది. ఇందులో నేరమని రాయించగలిగింది ఏదీ ఉండదు, ఏ పోలీసూ దీన్ని ఆపలేడు.

దీనికి మన ప్రాంతపు కారణం ఒకటుంది. ఉద్దానం నుంచి భోగాపురం దాకా మగపిల్లలు బయటికి వెళ్తేనే పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్నో. వెల్డింగుకు గల్ఫు, చేపల వేటకు గుజరాత్ వేరావల్, కూలికి హైదరాబాద్, చెన్నై. అందువల్ల మనిషిని బయటికి పంపగలిగినవాడికి ఊళ్లో ఒక గౌరవం ఉంటుంది. ఆ ఏజెంటే పదేళ్ల క్రితం ఎవరినో సింగపూర్ పంపి ఉంటాడు, వాళ్లు మేడ కట్టుకుని ఉంటారు. అతని మీద కేసు పెడితే మీరు ఊరి దారికి అడ్డం పడినవాళ్లలా కనిపిస్తారు. ఇప్పుడు పాస్‌పోర్టు, డబ్బు ఇచ్చేసి వీసా కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులైతే అందరికంటే ముందు మీ మీదే విరుచుకుపడతారు. వాళ్ల పిల్లలను కాపాడబోతున్నది మీరే అయినా సరే.

రెండోది కౌంటర్ కేసు. పంపేముందు మీ నాన్నగారి చేత ఖాళీ ప్రామిసరీ నోటు మీదో, చెక్కు మీదో సంతకం పెట్టించుకున్నారా? ఇంట్లో అడిగి చూడండి. చాలామంది పెట్టి మరిచిపోతారు. అది చెక్ బౌన్స్ కేసుగా తిరిగి వస్తుంది. లేదంటే మీ తమ్ముడు వాళ్లింటికి వెళ్లి ఆడవాళ్ల మీద చేయి చేసుకున్నాడని ఒక ఫిర్యాదు పుడుతుంది. మన జిల్లాల్లో ప్రతీకారం తరచుగా పాస్‌పోర్టు మీద గురిపెడుతుంది. మీ తమ్ముడు ముద్దాయిగా ఉన్న కేసును కోర్టు విచారణకు స్వీకరిస్తే కొత్త పాస్‌పోర్టు, పునరుద్ధరణ ఆగిపోవచ్చు. కేవలం ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన అలా కాదు, కోర్టు అనుమతి తెచ్చుకుని పాస్‌పోర్టు పొందే దారి కూడా ఉంది. అయినా మళ్లీ బయటికి వెళ్లాలనుకునే కుర్రాడికి ఈ ఒక్క బెదిరింపు చాలు, నోరు మూతపడుతుంది. ఫిర్యాదీగా, సాక్షిగా ఉంటే మాత్రం పాస్‌పోర్టుకు ఏ అడ్డూ లేదు. విదేశంలో ఉన్నా వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే వీలును నేర విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 530వ సెక్షన్‌లో ఇచ్చింది. కేసు పెడితే ఐదేళ్లు ఊళ్లోనే కూర్చోవాలన్నది నిజం కాదు.

మూడోది మీరు ప్రశ్నలో రాయనిది. మీ తమ్ముడు అక్కడ చేసిన పని. నెలల తరబడి అతను మాట్లాడిన అవతలి గొంతులు కూడా మనవాళ్లవే, అతని మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లే. ఏజెంటు వైపు నుంచి వచ్చే మొదటి మాట 'వాడే సైబర్ నేరగాడు, నోరెత్తితే లోపలికి పోతాడు' అని. ఇందులో కొంత నిజం, ఎక్కువ బెదిరింపు. తక్షణం చంపేస్తారన్న భయంతో చేసిన పని హత్యలాంటివి తప్ప నేరం కాదని న్యాయ సంహిత 32వ సెక్షన్ అంటుంది. కానీ ఆ 'తక్షణం' అన్న మాటను కోర్టులు గట్టిగానే చూస్తాయి. జీతం కోసినందుకో, తిండి మానిపించినందుకో చేశానంటే ఈ సెక్షన్ పూర్తిగా ఆదుకోదు. ఇలా నిర్బంధించి పని చేయించుకున్నవాళ్లను బాధితులుగానే చూడాలన్న ధోరణి బలపడుతోంది, నిజమే. అయినా మీ తమ్ముడు స్టేషన్ మెట్లు ఎక్కేముందు ఒక వకీలు ముందు కూర్చుని, అక్కడ ఏం చేశాడో, ఎంత కమీషన్ తీసుకున్నాడో, ఆ డబ్బు ఏ ఖాతాలో పడిందో దాచకుండా చెప్పాలి. తను చెప్పనిది తర్వాత ఏజెంటు చెబితే మొత్తం సాక్ష్యం విలువ పోతుంది. ఫోను శుభ్రం చేయవద్దు. సిగ్గుపడి చాట్‌లు చెరిపేసే పిల్లలు ఎక్కువ, ఆ చాట్‌లే వాళ్లను బాధితులుగా నిలబెట్టే కాగితాలు.

వకీలు ఫీజు గురించి కంగారు వద్దు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987, 12వ సెక్షన్ ప్రకారం అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దక్కుతుంది. శ్రీకాకుళంలో జిల్లా కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

పేరు బయటికి రాకుండా చెప్పే మార్గం ఉందా అని అడిగారు. కేవలం సమాచారం ఇచ్చేవాడికైతే ఉంది. నేరం గురించిన సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమని పోలీసు అధికారిని బలవంతపెట్టడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. కానీ మీ తమ్ముడు బాధితుడు. ఫలానా నెలలో వెళ్లి, ఫలానా భవనంలో ఉండి, ఫలానా రోజు వచ్చినవాడు మీ ఊళ్లో ఎంతమంది? పేరు తీసేసినా కథే పేరు చెప్పేస్తుంది. పైగా ఎఫ్ఐఆర్ నకలు ముద్దాయికి అందుతుంది. కాబట్టి మీకు రహస్యం మీద ఆధారపడే రక్షణ లేదు. సంఖ్య మీద ఆధారపడేది ఉంది.

ఇటలీ సంగతి ఒకటి చెప్పాలి. పలెర్మో నగరంలో లిబెరో గ్రాస్సి అనే బట్టల ఫ్యాక్టరీ యజమాని మాఫియాకు మామూళ్లు కట్టనని 1991 జనవరిలో పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. తోటి వ్యాపారులు అతని పక్కన నిలబడలేదు, ఇలా రచ్చకెక్కడం వల్ల నగరం పరువు పోతోందని గొణిగినవాళ్లూ ఉన్నారు. ఆగస్టు 29న ఇంటి దగ్గరే కాల్చి చంపారు. 2004 తర్వాత అదే నగరంలో యువకులు మొదలుపెట్టిన ఉద్యమంలో వందలాది దుకాణదారులు మేము కట్టం అని ఒకేసారి పేర్లు బయటపెట్టారు. అందరినీ కాల్చడం ఏ ముఠాకూ లాభసాటి కాదు. గ్రాస్సి చనిపోయింది ధైర్యం తక్కువై కాదు, తోడు తక్కువై.

అందుకే మొదటి పని స్టేషన్‌కు వెళ్లడం కాదు, ఇంకెవరు వెళ్లి వచ్చారో చూడటం. అదే ఏజెంటు పంపినవాళ్లు పక్క మండలంలో తప్పకుండా ఉంటారు. ముగ్గురు దొరికినా చాలు. విడివిడిగా మూడు ఫిర్యాదులు ఒకే రోజు ఇవ్వండి. అప్పుడు 143లోని పెద్ద శిక్ష వర్తిస్తుంది, రాజీ బేరం ఒక్క ఇంటితో తేలదు. ఒకరు జారినా కేసు కూలదు. నేను చూసిన ఒక కేసులో విజయనగరం వైపు నలుగురు కుర్రాళ్లు కలిసి ఫిర్యాదు ఇచ్చారు. విచారణకు వచ్చేసరికి ఇద్దరు డబ్బు తీసుకుని ఎదురు తిరిగారు. మిగిలిన ఇద్దరి మాట, బ్యాంకు లెక్కలు కేసును నిలబెట్టాయి. అదే ఏజెంటు మీద అంతకుముందు ఒక తల్లి ఒంటరిగా వేసిన కేసు సాక్షులు లేక కొట్టివేశారు, తర్వాత ఆవిడ ఆ ఊళ్లో ఉండలేక కూతురి దగ్గరకు వెళ్లిపోయింది.

మీ ఊరి కుర్రాడు ఎవరైనా ఇంకా ఆ భవనంలోనే ఉంటే ఆగండి. ఇది నా గట్టి మాట. ఇక్కడ ఏజెంటు అరెస్టయిన కబురు గంటలో అక్కడికి చేరుతుంది. ఒక భార్య నా దగ్గరకు వచ్చినప్పుడు భర్త లోపలే ఉన్నాడు. ఫిర్యాదు కాగితం రాసి ఉంచాం, ఇవ్వలేదు. రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌కు వివరాలు పంపి, మనిషి విమానం దిగాకే స్టేషన్‌కు వెళ్లాం.

ఇక క్రమం. ఫిర్యాదు స్టేషన్‌లో ఇవ్వండి. మనుషులను చేర్చుకోవడం, డబ్బు తీసుకోవడం ఇక్కడే జరిగాయి కాబట్టి 'విదేశంలో జరిగింది, మాకు సంబంధం లేదు' అన్న జవాబు చెల్లదు. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ ఉన్నారు. సోమవారం అర్జీల కార్యక్రమంలో కూడా ఇవ్వవచ్చు. అక్కడి రసీదు పనికొస్తుంది గానీ, వరండాలో నిలబడి అందరికీ వినపడేలా కథ చెప్పకండి. మీ మండలంవాళ్లు కనీసం నలుగురు ఆ వరుసలోనే ఉంటారు. వీడియో తీసి వాట్సాప్ గుంపుల్లో పెట్టాలన్న కోరిక మీ తమ్ముడికి ఉంటే ఆపండి. ఏజెంటు జాగ్రత్తపడటానికి, ఊరు వదిలి పోవడానికి అంతకంటే మంచి కబురు ఉండదు.

దర్యాప్తు మొదలైన వెంటనే మేజిస్ట్రేట్ ఎదుట వాంగ్మూలం నమోదు చేయించమని దర్యాప్తు అధికారిని అడగండి. నాగరిక్ సురక్షా సంహితలో అది 183వ సెక్షన్. ఈ వాంగ్మూలం ఒకసారి ఇచ్చాక మీ తమ్ముడి నోరు మూయించడం వల్ల అవతలివాళ్లకు లాభం తగ్గుతుంది. అదే వాంగ్మూలం మిమ్మల్నీ కట్టిపడేస్తుంది. ప్రమాణం చేసి చెప్పినదాన్ని తర్వాత డబ్బు తీసుకుని కాదంటే అబద్ధపు సాక్ష్యం కేసు ఎదురవుతుంది. మీ ఇంట్లో రాజీకి మొగ్గే మనసు ఏ మూలనైనా ఉంటే, అది ఈ వాంగ్మూలానికి ముందే తేల్చుకోండి.

బెదిరింపులు వస్తే సాక్షుల రక్షణ పథకం ఉంది. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు మహేందర్ చావ్లా కేసులో దాన్ని దేశమంతటికీ చట్టంగా అమలు చేయమంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల సాక్షులకు, వాళ్ల కుటుంబాలకు అది వర్తిస్తుంది. 143వ సెక్షన్ పడితే మీరు అర్హులు. ఉత్త మోసం సెక్షన్లతో సరిపెడితే అర్హత దగ్గరే పేచీ రావచ్చు, అందుకే ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ ఉందో అంత పట్టుగా చూడమంటున్నాను. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది, ఎస్పీ సభ్యుడు. దరఖాస్తు ఇస్తే డీఎస్పీ ఐదు పనిదినాల్లో ముప్పు నివేదిక ఇవ్వాలి, అది అందిన ఐదు పనిదినాల్లో కమిటీ తేల్చాలి. ఈలోగా తాత్కాలిక రక్షణ అడగవచ్చు. ఇంటి దగ్గర గస్తీ, కోర్టుకు తోడు, ఫోను నంబరు మార్పు, ముద్దాయి ఎదురుపడకుండా విచారణ, కొంతకాలం వేరే చోట నివాసం, ఇలాంటివి ఇవ్వవచ్చు. ఒక్కోసారి మూడు నెలలకు మించదు, మళ్లీ అడగాలి. ఇదంతా కాగితం మీద. మన వైపు ఈ దరఖాస్తు పెట్టేవాళ్లే అరుదు, మా వకీళ్లలోనే చాలామందికి ఆ అలవాటు లేదు. దరఖాస్తు పెడితే గేటు దగ్గర తుపాకీ కానిస్టేబుల్ నిలబడతాడని ఆశించకండి. బీటు కానిస్టేబుల్ రోజూ మీ వీధిలోకి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోతాడు. నిజానికి పల్లెలో అది చాలా పనిచేస్తుంది. మీ వెనక ప్రభుత్వం ఉందని వీధి మొత్తానికి రోజూ ఒకసారి తెలుస్తుంది.

బెదిరింపు ప్రతిదీ, నవ్వుతూ అన్నదైనా సరే, తేదీతో ఒక నోటుపుస్తకంలో రాయండి. సాక్షిని అబద్ధం చెప్పమని బెదిరించడం దానికదే ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం.

ఇంత చేసినా ఓడిపోవచ్చు. గుజరాత్‌లో గిర్ అడవుల అక్రమ తవ్వకాల మీద పోరాడిన అమిత్ జేఠ్వాను 2010 జూలైలో హైకోర్టు ఎదురుగానే కాల్చి చంపారు. విచారణలో సాక్షులు పెద్ద సంఖ్యలో ఎదురు తిరిగారు. తండ్రి వదలకుండా మళ్లీ విచారణ జరిపించుకున్నాడు. 2019లో మాజీ ఎంపీతో సహా ఏడుగురికి యావజ్జీవ శిక్ష పడింది. 2024లో అదే హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కొడుకును పోగొట్టుకున్న మనిషికి పద్నాలుగేళ్ల తర్వాత దక్కింది అది. మీ కేసు అంతటిది కాదు, మీకు ఎదురు ఉన్నవాడూ అంతటివాడు కాదు. కానీ శిక్ష పడితేనే గెలుపు అనుకుని దిగవద్దు. నా లెక్కలో మీకు దక్కే అసలు ఫలితం కేసు నమోదైన నెలలోనే వస్తుంది. ఏజెంటు దగ్గరున్న పాస్‌పోర్టులు స్వాధీనమవుతాయి, ఆ విడతలో వెళ్లాల్సిన పిల్లలు ఆగిపోతారు. శిక్ష పడుతుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

మీ దగ్గరున్న అప్పు గురించి కూడా ఒక మాట. రెండు విడతల అప్పుకు వడ్డీ నడుస్తుండగా వాయిదాలకు తిరగడం కష్టం. అప్పు ఇచ్చినవాళ్లు ఏజెంటు మనుషులు కాదు కదా, ముందు అది చూసుకోండి. అయితే మాత్రం ఎక్కడైనా వేరే చోట తీసుకుని వాళ్లది తీర్చేశాకే ఫిర్యాదు. బాధితుల పరిహారానికి న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టవచ్చు, శిక్ష పడేదాకా ఆగనక్కరలేదు.

చివరగా నాన్నగారి సంగతి. గుండె జబ్బు మనిషి, చెప్పకుండా నడిపిద్దామా అని అడిగారు. వద్దు. డబ్బు ఆయన ఖాతా నుంచి వెళ్లింది కాబట్టి ఆయన సాక్షి అవుతారు, సమన్లు ఆయన పేరునే వస్తాయి. ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ అరుగు మీద కూర్చుని ఆ కాగితం చేతికిచ్చినప్పుడు ఆయనకు మొదటిసారి తెలియకూడదు. మీ తమ్ముడు చెప్పలేకపోతే మీరు చెప్పండి. ఖాళీ నోటు మీద సంతకం పెట్టారేమో అడగాల్సింది కూడా అప్పుడే.